బెంచీ కింది బూట్లు

పాదాలు కాలుతున్నాయి. కాలితే కాలనీ అనుకున్నాడు సాయిచంద్. మార్చి నెల, మూడున్నర గంటల ఎండ, పొద్దుటి నుంచీ వేడి తాగి కూర్చున్న సిమెంటు కోర్టు, దాని అంచున తెల్లగీతకు అడుగు ఇవతల ఇనుప బెంచీ, ఆ బెంచీ చివర కాషాయం లుంగీ, కాషాయం అంగీ, మెడలో హనుమాన్ మాల, ఉత్త కాళ్లతో తను. బెంచీ కింద, సరిగ్గా మడమల వెనక, నీలం సంచి. సంచిలో పదకొండో నంబరు బూట్లు. చూడకపోయినా అవి ఉన్నాయని తెలుస్తూనే ఉంది, కట్టేసిన కుక్క ఒకటి తన వెనక నిలబడి ఊపిరి తీస్తున్నట్టు. కోర్టు నడుమ రిఫరీ బంతి పట్టుకుని నిలబడ్డాడు. ఆ గుండ్రటి గీతలో ఉండవలసింది తను. ఈ ఏడాది ఆడిన ఏడు ఆటల్లో మొదటి ఎగురు తనదే, ఏడింటిలోనూ బంతిని ముందు తాకింది తన వేళ్లే. ఇప్పుడక్కడ తిరుపతి ఉన్నాడు, మొదటి సంవత్సరం వాడు, పొడుగే గానీ ఇంకా ఎముకలు కుదురుకోని పొడుగు. బంతి లేచింది. బెంచీ మీదనే సాయిచంద్ పిక్కలు బిగుసుకున్నాయి, మడమలు నేల విడిచాయి. తిరుపతి అర క్షణం ముందే ఎగిరాడు. ఆగాలెరా, బంతి పైకి పోయి అలిసిపోయేదాక ఆగాలె, అలిసినంక అదే నీ చేతికొస్తది, అని గొంతులోనే అన్నాడు. బంతి మంచిర్యాల వాళ్ల చేతుల్లోకి పోయింది.

ఫైనల్. ఈ ఒక్క మాట కోసం ఎన్ని ఊర్లు తిరిగారు. కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉందని కాలేజీ వాళ్లకే తెలియని రోజులు మొన్నటి వరకూ నడిచాయి. రింగుకు వల లేదు, స్తంభానికి వాచ్‌మన్ సదానందం మేకను కట్టేసేవాడు, ప్రాక్టీసుకు పోతే ముందు మేకను విప్పి, గీతల మీది పెంటికలు ఊడ్చి, ఆ తర్వాతే బంతి. నవంబరులో మొదటి ఆట రెండు పాయింట్లతో గెలిస్తే ఆటల సారు లక్ష్మీరాజం నమ్మలేక స్కోరు కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. తర్వాత పెద్దపల్లి, తర్వాత నిర్మల్, తర్వాత మళ్లీ ఇక్కడే, కరీంనగర్‌లో. గెలుస్తున్న కొద్దీ వ్యానులో మాటలు తగ్గాయి. ఓడిపోయిన రోజుల్లో పాటలు, కూతలు, ఒకరి మీద ఒకరు పడటం. గెలవటం మొదలయ్యాక ఎవరి కిటికీ వాళ్లది, నెత్తి మీద నిండు బిందె పెట్టుకుని నడుస్తున్నట్టు. జనవరిలో సెమీ ఫైనల్ ఆదిలాబాద్‌లో. పొద్దున్నే బయలుదేరితే కొండగట్టు కింద వ్యాను ఆగింది, చాయ్ కోసం. మంచు ఇంకా గుట్టను విడవలేదు. ఎవరికి వాళ్లు కొబ్బరికాయ మొక్కుకున్నారు, అరుణ్ అయితే గెలిస్తే గుండు అన్నాడు, "నీ నెత్తి మీద ఉన్నయే నాలుగు ఎంటికలు, స్వామికి ఏం గిట్టుబాటురా" అని సారు నవ్వాడు. అప్పుడు తను గుట్ట దిక్కు చూసి, ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఫైనల్ దాక తీస్కపో స్వామీ. నీ చిన్న జయంతికి నలభై ఒక్క రోజుల మాల ఏస్త."

అడిగింది అంతే. ఫైనల్ దాక. ఆడిపియ్యమనలేదు, గెలిపియ్యమనలేదు. మాట ఎంత పొడుగుంటే స్వామి అంతే ఇస్తాడు, గజం బట్ట అడిగితే గజమే చింపి ఇచ్చినట్టు. ఆదిలాబాద్ చలిలో ఆఖరి నాలుగు సెకన్లలో రింగు మీద తిరుగుతున్న బంతిని తన వేలి కొసతో లోపలికి తట్టాడు, గెలిచారు. ఫైనల్ ఫిబ్రవరి మొదట్లో అన్నారు, వాయిదా వేశారు. ఇక పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లోనే అని సారు ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు. జయంతికి వెనక్కి లెక్కపెట్టుకుని, మాట తప్పకుండా, ఒక్క పూట ఆలస్యం కాకుండా ఫిబ్రవరిలో మాల వేసుకున్నాడు. వేసుకున్న పదో రోజు కాగితం వచ్చింది. ఫైనల్ మార్చిలో, మన కాలేజీ కోర్టులోనే. ఇవాళ. ఇవాళ ఇరవయ్యారో రోజు. ఇంటికి పోయి ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. ఆగినోడు బాగుపడ్డడు, ఆలస్యం జేసినోడు ఆడుతుండు, చెప్పిన రోజు చెప్పినట్టు చేసినోడు బెంచీ మీద కూసున్నడు అని.

అరుణ్ బంతి కొడుతున్నాడు. టక టక టక. సిరిసిల్ల వాడు, వాళ్ల బాపు మగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, సెలవుల్లో వాడూ నాలుగు మగ్గాల నడుమ తిరుగుతాడు. చెవులు మూసుకున్నా ఆ చప్పుడు వాడి చేతిలో ఉంటుంది, ఒక్క దెబ్బ ఎక్కువ కాదు, ఒక్క దెబ్బ తక్కువ కాదు. వాడు బంతి కొడుతుంటే కళ్లు మూసుకుని కూడా సాయిచంద్ చెప్పగలడు, ఇప్పుడు ఎడమకు తిరుగుతాడు, ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు తల ఎత్తి తన కోసం చూస్తాడు. తల ఎత్తాడు. చూశాడు. రింగు కింద తను ఎప్పుడూ నిలబడే చోట ఎవరూ లేరు. ఆ ఖాళీ జాగలోకి వాడి చూపు పోయి, తోవ తప్పిన ఎద్దులా ఒక్క క్షణం నిలబడి, వెనక్కి వచ్చింది. సాయిచంద్ ఆ చూపును బెంచీ మీది నుంచి పట్టుకోలేకపోయాడు. మూడేళ్లు వాడు తనను పిలిచిన పేరు ఒక్కటే, నిచ్చెన. "అరే నిచ్చెనా!" అంటే బంతి వస్తుందని అర్థం, తను అప్పటికే గాల్లో ఉండేవాడు. మాల పడ్డ పొద్దు నుంచి వాడు కూడా "స్వామీ" అంటున్నాడు. స్వామీ, చాయ్ తాగుతరా. స్వామీ, జర జరుగుండ్రి. హాస్టల్లో చాప మీద పడుకుంటే పైనుంచి దాటకుండా చుట్టూ తిరిగి పోతున్నాడు. గౌరవమే. తన చోట ఎవరో పెద్దమనిషి పడుకుంటే ఆయనకు ఇస్తున్న గౌరవం.

మొన్న రిఫరీని అడిగాడు. "సార్, ఉత్త కాళ్లతోని ఆడుత. చిన్నప్పటి సంది గట్లనే ఆడిన."

"నువ్వు ఆడుతవు తమ్మీ, కాదన్ననా? బూటు కాలుతోని ఒక్కడు తొక్కిండనుకో, వేలు పచ్చడైతది. గప్పుడు నీ హనుమంతుడిని ఎవ్వలడగరు, నన్నే అడుగుతరు. బూట్లేసుకుంటే రా, లేకుంటే కూసో."

అక్కడి నుంచి గురుస్వామి దగ్గరికి పోయాడు. పరశురాములు గురుస్వామికి కాలేజీ గేటు ముందర సైకిళ్ల దుకాణం. ట్యూబును నీళ్ల పళ్లెంలో ముంచి బుడగలు చూస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. "బంతి తోలుదా, రబ్బరుదా?"

"రబ్బరుదే స్వామీ."

"అయితే ముట్టుకో, దోషం లేదు. ఉరుకు, ఎగురు, మన స్వామి ఎగరనోడా? కాళ్లకు మాత్రం ఏం తొడగద్దు."

"ఒక్క గంట స్వామీ. ఆడినంక చన్నీళ్లు పోసుకుంట."

"నలభై ఒక్క రోజుల్ల గా గంట ఏ మూలకున్నదో నాకు జూపియ్యి, దాన్ని తీసి పక్కకు పెడ్త." బుడగ దొరికింది, అక్కడ వేలు పెట్టి అప్పుడు తల ఎత్తాడు. "ఫికర్ జెయ్యకు. ఆటలు మస్తుగుంటయి."

ఉండవు. ఆ మాట గురుస్వామికి చెప్పలేదు. మస్కట్ నుంచి బాపు వీసా పంపాడు, పరీక్షలు కాగానే ఎక్కాలి, బాపు పనిచేసే చోటనే ఇనుప పరంజాలు కట్టే పని. "నీ పొడుగు గీడ పనికొస్తదిరా" అన్నాడు ఫోన్లో. కొడుకు పొడుగుకు ఒక పని దొరికిందని సంతోషంగానే అన్నాడు. మెడికల్ అయింది, పాస్‌పోర్టు వచ్చింది. అంటే ఈ ఆట ఆఖరిది. ఈ సీజనుది కాదు, మొత్తానికి ఆఖరిది. ఆ రోజు లేచి వస్తూ దుకాణం మెట్టు మీద ఆగి అడిగాడు, "మాల నడుమల తీసుడే ఉండదా స్వామీ?" పరశురాములు ట్యూబును కింద పెట్టాడు. "ఇంట్ల మైల వస్తే తీస్తం. రక్తసంబంధం పోతే. గట్ల గావద్దని మొక్కు."

అక్కడి నుంచే ఆ పురుగు చేరింది. ఇవాళ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, హాస్టల్ వెనక నల్లా కింద చన్నీళ్లు తల మీద పడుతుంటే, జై హనుమాన్ అని నోరు అంటుంటే, లోపల ఇంకో నోరు బాపమ్మా అంది. బోథ్‌లో, పత్తి చేను గట్టున్న ఇంట్లో, దీపావళి నుంచి మంచం దిగని బాపమ్మ రామవ్వ. తొంభై దాటాయి. పెద్ద డాక్టరు ఇంటికి తీస్కపోండ్రి అని చెప్పి నాలుగు నెలలు. ఇవాళ పొద్దున పోతే. ఊరికే, అట్లా అనుకోలేదు, ఆ వరుస దానంతట అదే నడిచింది: పోతే మైల, మైల అయితే మాల తీస్తారు, మాల తీస్తే బూట్లు. మగ్గు చేతిలోంచి జారి బండ మీద మోగింది. ఎవరైనా విన్నారా అని చుట్టూ చూశాడు. మళ్లీ మళ్లీ నీళ్లు పోసుకున్నాడు, పళ్లు కొట్టుకునేదాకా. నీళ్లతో పోలేదు. పూజలో పోలేదు. ఇప్పటికీ ఇక్కడే, ఈ బెంచీ మీద, తనకూ పక్కవాడికీ నడుమ కూర్చునే ఉంది.

ఆమె వల్లనే గదా ఈ ఆట. బోథ్ బడిలో ఎర్రమట్టి నేల, వేపకొయ్య స్తంభం, దానికి చిన్న పిల్లల సైకిలు రిమ్ము, అదే కోర్టు. ఆరో తరగతిలోనే ఏడో తరగతి వాళ్లకన్నా జానెడు ఎక్కువ ఉండేవాడు, వంగి నడిచేవాడు, పొడుగును దాచుకోవాలని. మధ్యాహ్నం బాపమ్మ జొన్నరొట్టె, పుంటికూర మూట కట్టుకుని వచ్చి నీడలో కూర్చునేది. చాలా రోజులు ఏం అనకుండా చూసి ఒకనాడు అంది. "గిదేం ఆటరా, అడుగులేని గంపల ఏసుడు? ఎంత ఏసినా నిండదాయె." పిల్లలంతా పడి పడి నవ్వారు. కానీ మర్నాడు రొట్టె మూటతో పాటు ఇంకో మాట తెచ్చింది. "నువ్వు వంగకురా. గా గంప నీ కోసరమే అంత మీద కట్టిండ్రు." ఉత్త కాళ్లు, ఎర్రమట్టి, మెత్తగా, వానపడ్డ మర్నాడయితే వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చేది. బూట్లు వచ్చింది ఇక్కడికి వచ్చాకే. లక్ష్మీరాజం సారు హైదరాబాద్‌లో వెతికి తెచ్చాడు, పదకొండో నంబరు కరీంనగర్‌లో దొరకలేదు. మొదటి రోజు తొడుక్కుని నిలబడితే నేల దూరమైనట్టు, ఎవరి ఇంట్లోనో నిలబడినట్టు అనిపించింది. ఇప్పుడు అవి లేకపోతే కాళ్లే లేనట్టుంది. మనిషికి దేన్ని ఎప్పుడు అలవాటు చేయాలో, ఎప్పుడు లాక్కోవాలో ఆ గుట్ట మీది వాడికి బాగా తెలుసు. తప్పు తప్పు, క్షమించు స్వామీ.

ఈల. మూడో క్వార్టరులో ఒకడు చీలమండ మెలికపడి కుంటుతూ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు, బదులు ఉన్న ఒక్కడూ లోపలికి పోయాడు. ఇక బెంచీ మీద మిగిలింది ఆ కుంటి కాలు, ఈ ఉత్త కాళ్లు. ఆఖరి క్వార్టరు, యాభై ఆరు, యాభై అయిదు. ఒక్క పాయింటు ముందున్నది మనమే. మళ్లీ ఈల. తిరుపతికి అయిదో ఫౌలు, వాడి ఆట అయిపోయింది. వాడు కోర్టు దాటి వస్తూ మొహానికి బనియను అడ్డం పెట్టుకున్నాడు, చెమట తుడుచుకుంటున్నట్టు. ఇక లోపల నలుగురే. మూడు నిమిషాలు నలుగురే ఆడాలి. లక్ష్మీరాజం సారు బెంచీ వైపు తిరిగాడు. కుంటి కాలు మీద చూపు ఆగింది. అక్కడి నుంచి కదిలి, సాయిచంద్ మీదుగా, గోడ మీదుగా పోయినట్టు పోయి, మళ్లీ కోర్టులోకి పోయింది. అడగలేదు. అడగడు. ఇరవయ్యారు రోజులుగా ఎవరూ అడగలేదు, ఒక్కరు కూడా, నవ్వులాటకైనా, ఏసుకోరాదురా ఏమైతది అనలేదు. వాళ్ల మంచితనం చూస్తే ఏడుపొస్తుంది. ఒక్కడు అడిగితే బాగుండు. అడిగితే కాదనేవాడు. కాదని, అడిగారన్న మాట ఒకటి మస్కట్ దాకా పట్టుకుపోయేవాడు.

మడమ వెనక్కి పోయి సంచిని ముందుకు లాగింది. తను లాగలేదు, మడమే. జిప్పు తెరుచుకుంది. లోపల చీకట్లోంచి రబ్బరు వాసన, ఆదిలాబాద్ దుమ్ము, తన చెమట, ఏడు ఆటలు. ఒక బూటు బయటికి వచ్చి ఒళ్లో కూర్చుంది, కాషాయం గుడ్డ మీద. తాడు ముడి ఆ రోజు వేసినట్టే ఉంది. చెయ్యి లోపలికి పోయింది, అడుగున తన అయిదు వేళ్ల గుంటలు, ఒక్కో గుంట ఒక్కో వేలికి దొరికింది.

అప్పుడు అంగీ జేబులో ఫోను వణికింది. జేబు మీద మాల ఉంది. పూసలు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. తీసి చూశాడు. అవ్వ. తల్లి ఈ వేళకు చేయదు, చేనులో ఉంటుంది. ఆట ఉందని తెలుసు, ఆటప్పుడు చేయదు. ఆగిపోయింది. మళ్లీ వణికింది. ఒళ్లో బూటు. చేతిలో ఫోను. ఆటలో ఇంకా రెండు నిమిషాలు. ఎత్తితే అవ్వ ఏడుపు వినపడుతుంది, వినపడితే మాల తీయవచ్చు, గురుస్వామి దుకాణం గేటు ముందరే, రెండు నిమిషాల్లో... నువ్వు లెక్కపెడుతున్నవారా? నీ బాపమ్మ మంచం పక్కన నిలబడి గడియారం చూస్తున్నవారా? పొద్దున అనుకున్నందుకే పోయిందా? మాటకు అంత బలముంటే, గుట్ట కింద అన్న మాట ఫైనల్ దాక తీసుకొచ్చినట్టు, నల్లా కింద అనని మాట ఆమెను... ఫోను ఆగింది. వద్దు, మళ్లీ చేయకే అవ్వా. ఆట వద్దు, బూట్లు వద్దు, జన్మలో బంతి వద్దు, ఆమెను ఉంచు. ఈసారి మాటను కొలిచి, ఏ మూలా వదలకుండా మొక్కాడు. మూడోసారి వణికింది. ఎత్తాడు.

"సాయీ," అవ్వ. ఆయాసపడుతోంది. "బాపమ్మ..."

కోర్టు చప్పుడంతా ఎక్కడికో పోయింది.

"బాపమ్మ నా పానం తింటుందిరా పొద్దటి సంది. ఆట ఏమాయె, ఆట ఏమాయె అని. చేను కాడి నుంచి ఉరికిచ్చుకొచ్చింది నన్ను. ఇగో, నువ్వే జెప్పు."

గరగర. ఫోను తలకిందులైనట్టుంది, తర్వాత ఊపిరి, తర్వాత ఆ గొంతు, ఎండిన జొన్నసొప్ప గొంతు. "గెల్సిండ్రా బిడ్డా?"

సాయిచంద్ చేతిని బూటులోంచి తీశాడు. "ఇంకా ఆడుతుండ్రు బాపమ్మా."

"ఆడుతుండ్రు అంటవేందిరా? నువ్వాడుతలేవా?"

"మాలేసుకున్న గదా."

"అవునవును. నా మతికి మన్నువడ. మరి గాడ ఏం జేస్తున్నవు?"

"సూస్తున్న."

"అయితే నాకు జెప్పు. కండ్లు పోయినయి గాని చెవులున్నయి."

చెప్పటం మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు, ఆటను ఎప్పుడూ మాటల్లో పెట్టినవాడు కాదు. మనోళ్లు నలుగురే ఉన్నరు బాపమ్మా, వాళ్లు అయిదుగురు. అరుణ్ కొట్టుకుంట పోతుండు. ఎడమకు తిరిగిండు. ఆగిండు. ఇద్దరు మీద పడ్డరు. చెబుతుంటే మోకాళ్లు కదులుతున్నాయి, భుజం ఎడమకు ఒరుగుతోంది, అరుణ్ కన్నా ముందే నోరు ఎడమకు తిరుగుతోంది. ఎగిరిండు బాపమ్మా. ఏసిండు. గంపల వడ్డది. "నిండిందా?" అంది ఆమె. నవ్వింది, దగ్గింది, అవతల అవ్వ నీళ్లు తాగించిన చప్పుడు. యాభై ఎనిమిది, యాభై అయిదు. ఒళ్లోంచి బూటు తీసి సంచిలో పెట్టాడు, జతకు ఆనించి. ఇక పదకొండు సెకన్లు. బంతి మనది. అరుణ్ చేతి మీద మంచిర్యాల వాడు కొట్టాడు, బంతి ఎగిరి, గీత దాటి, ఒకసారి నేలకు తగిలి, బెంచీ చివరికి వచ్చింది.

కుడిచేతిలో ఫోను. ఎడమచేయి దానంతట అది చాచుకుంది. ఒక్క అరచేతిలో బంతి అట్లాగే నిలిచిపోయింది, వెచ్చగా, గరుకుగా, నలుగురి చెమటతో.

"అరే నిచ్చెనా! ఇటియ్యిరా!" అరుణ్ అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు.

"ఎవడ్రా వాడు, మాలేసుకున్నోన్ని అరే అంటుండు?" అంది బాపమ్మ చెవిలో.

"అరుణ్, బాపమ్మా."

"బంతి ఏడున్నది మరి?"

"నా చేతిల ఉన్నది."

"అయితే ఇడువకు బిడ్డా."

రిఫరీ వచ్చి గీత మీద నిలబడి చెయ్యి చాపాడు, బంతి ఇమ్మని. అతని బూట్లు, వాటికి ఎదురుగా గీతకు ఇవతల తన పాదాలు, మడమల చుట్టూ పగుళ్లు, వేళ్ల మీద దుమ్ము. కోర్టు అంతా ఆగి ఉంది. బెంచీ మీది నుంచి లేచాడు, వంగకుండా, పూర్తి పొడుగు లేచి, బంతిని ఒక్కసారి నేలకు కొట్టాడు. అది కాలుతున్న సిమెంటును తాకి, ఎప్పుడూ వచ్చినట్టే, అడగకుండానే మళ్లీ అరచేతిలోకి వచ్చింది. రెండోసారి కొట్టలేదు, రిఫరీ చేతిలో పెట్టాడు.

"ఇడిషిన బాపమ్మా," అన్నాడు.